మురిగిపోయే మైళ్లతో సింగపూర్: కావలి నుంచి పోయొచ్చిన లెక్క

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పిల్లలు ఆస్ట్రేలియాలోనో అమెరికాలోనో ఉన్న ఇళ్లలో చాలావాటికి ఒక మైళ్ల ఖాతా ఉంటుంది. ఉన్నట్టు సగంమందికి తెలియదు. విమానమెక్కినప్పుడల్లా కంపెనీ మన పేరున జమచేసే పాయింట్లే ఈ మైళ్లు, చాలినన్ని కూడితే వాటితో టికెట్టు తీసుకోవచ్చు. టికెట్టు తీసేటప్పుడు పిల్లలే అమ్మానాన్నల పేరున సభ్యత్వం తీసుంటారు. పాస్‌వర్డు వాళ్ల దగ్గరే ఉంటుంది. మెయిళ్లు ఎవరూ తెరవని ఇన్‌బాక్సులో పడుతుంటాయి. కావలిలో మా అక్కావాళ్లదీ అదే వరస. మేనల్లుడు మెల్‌బోర్న్‌లో ఉంటాడు కాబట్టి అక్క, బావ చెన్నై నుంచి సింగపూర్ మీదుగా పోయొస్తుంటారు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ల మైళ్ల పథకం క్రిస్‌ఫ్లయర్‌లో ఇద్దరికీ ఖాతాలున్నాయి. ఫలానా నెలాఖరుకి ఇన్ని మైళ్లు పోతాయని మెయిలొస్తే మేనల్లుడు నాకు పంపాడు.

"ఊరికే వచ్చినయ్యే గదబ్బాయా, పోతే పోనీ" అన్నాడు బావ. ఊరికే వచ్చినవేం కాదు. టికెట్టు ధరలోనే ఆ ముక్క కలిసుంటుంది.

గడువు సంగతి ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. క్రిస్‌ఫ్లయర్‌లో ఏ మైళ్లకి ఆ మైళ్లే, వచ్చిన మూడేళ్లకి పోతాయి. మధ్యలో మళ్లీ ప్రయాణం చేసినా పాతవాటి గడువు పెరగదు. కొంత రుసుం కట్టి ఒకసారి ఆరునెలలు పొడిగించుకోవచ్చు, అంతే. ఖతర్ ఎయిర్‌వేస్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఇచ్చే ఏవియోస్ అనే పాయింట్లు అలా కాదు. 36 నెలల్లో ఒక్కసారి ఏదైనా జమో ఖర్చో పడితే మొత్తం ఖాతా మళ్లీ బతుకుతుంది. ఎమిరేట్స్‌లో మూడేళ్లు దాటాక మనం పుట్టిన నెలాఖరు దాకా ఉంటాయి. అమెరికా పోయొచ్చే వాళ్లకి యునైటెడ్, డెల్టా మైళ్లయితే అసలు గడువే లేదు. ఇవి తెలియకుండా అన్నిటినీ ఒకే గాటన కట్టి కంగారు పడటమో, వదిలేయడమో చేస్తుంటారు. అయితే గడువు లేదని దాచి పెట్టుకోవడమూ తెలివి కాదు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్లో ఆగిపోయింది. విస్తారా 2024 నవంబరులో ఎయిరిండియాలో కలిసింది. కంపెనీ పేరే మారిపోయే చోట మన మైళ్ల విలువ మనం అనుకున్నట్టే నిలబడుతుందని నమ్మకం పెట్టుకోలేం.

మైళ్లతో సూట్‌కేసు తీసుకుందామని మొదట అక్క అనింది. లెక్క వేసి చూపించాను. డబ్బుతో కొంటే టికెట్టు ఎంతో చూసి, అందులోంచి మైళ్ల టికెట్టు మీద మనం ఎలాగూ కట్టే పన్నులు తీసేసి, మిగిలినదాన్ని మైళ్లతో భాగించాలి. రానుపోను టికెట్టు 30,000, పన్నులు 7,000, అడిగే మైళ్లు 40,000 అనుకుందాం. 23,000 రూపాయలకి 40,000 మైళ్లంటే మైలుకి 57 పైసలు పైచిలుకు. సామాన్లమీద అదే లెక్క వేస్తే పాతిక పైసలు కూడా రాలేదు. నా మటుకు నాకు యాభై పైసలకి తగ్గితే వాడకం కాదు, వదిలించుకోవడం. పండగ సీజనులోనో వేసవి సెలవుల్లోనో టికెట్టు ధర పెరిగినప్పుడు ఈ లెక్క ఇంకా బాగుంటుంది, సీటు దొరికితే. దొరకడమే కష్టం. తక్కువ మైళ్లకిచ్చే సేవర్ సీట్లు పరిమితం. అవి లేకపోతే వెయిటింగ్ లిస్టు, లేదా ఎక్కువ మైళ్లడిగే అడ్వాంటేజ్. దాదాపు ఏడాది ముందు నుంచే బుకింగ్ తెరుస్తారు కాబట్టి ముందుగా చూసుకున్న వాళ్లది పైచేయి.

ఎక్కడికి పోవాలన్న దగ్గర ఇంట్లో కాస్త గొడవయింది. అక్కకి కాశీ. ఇవే మైళ్లతో, స్టార్ అలయెన్స్ అనే విమాన కంపెనీల కూటమిలో భాగస్వామి ఎయిరిండియాలోనూ సీటు తీసుకోవచ్చు, కానీ మనకి కాశీ రైలు ఎలాగూ ఉంది, మైలు విలువా అంతగా రాదు. బావకి సింగపూర్ ఎయిర్‌పోర్టు తప్ప ఊరు తెలియదు. ఎన్నిసార్లు దిగినా అద్దాల్లోంచి చూడటమే. "ఈసారి బయటికి పోదాం" అన్నాడు. అలా తేలింది.

ఇద్దరి మైళ్లూ ఒకచోట కలపడానికి వీల్లేదు. కానీ ఒకరి ఖాతాలోంచి ఇంకొకరికి టికెట్టు తీయొచ్చు, వాళ్లని ముందుగా నామినీగా చేర్చుకుంటే చాలు. అయిదుగురి దాకా చేర్చుకోవచ్చు. ఒకవైపు టికెట్లూ ఇస్తారు. అందుకని బావ ఖాతాలోంచి ఇద్దరికీ పోను, అక్క ఖాతాలోంచి ఇద్దరికీ రాను తీశాం. ఏ ఖాతాలోనూ రానుపోనుకి చాలినన్ని లేని వాళ్లకి ఇది మంచి దారి. కొద్దిగా తక్కువైతే క్రెడిట్ కార్డు పాయింట్లు బదిలీ చేసుకోవచ్చు గానీ, అటు పోయినవి మళ్లీ వెనక్కి రావు. కాబట్టి సీటు కళ్లతో చూశాకే బదిలీ చేయాలి.

గడువులోపు టికెట్టు తీస్తే చాలు, ప్రయాణం ఆ తరవాతైనా పర్వాలేదు. ఇది చాలామందికి తెలియదు. నెలాఖరులోపు ఎగరాల్సిందే అనుకుని ఆశ వదిలేస్తారు. కానీ గడువు దాటాక టికెట్టు రద్దు చేసుకుంటే ఆ మైళ్లు తిరిగి రావు. అందుకే తేదీలు గట్టిగా ఖాయం చేసుకోవాలి. పెళ్లిళ్లున్నాయా, కోతలున్నాయా అని ఇంట్లో అడిగి మరీ తీశాం.

పేర్ల తలనొప్పి మనవాళ్లకి ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, సభ్యత్వంలో ఒక్క అక్షరమే ఉంటుంది, టికెట్టు మీద ముందుది వెనక్కి పడుంటుంది. పేరు కలవకపోతే మైళ్లు జమ కావు. ప్రయాణమయ్యాక ఆరునెలల్లోపు అడిగితే వేస్తారు, ఆ తరవాత అడిగినా లాభం లేదు. బోర్డింగ్ పాసులు పారేయకుండా అక్క ఇనప్పెట్టెలో దాచడం ఇక్కడ పనికొచ్చింది.

వీసా అధీకృత ఏజెంట్ల ద్వారానే తీయాలి. నెల్లూరులో మేం పోయిన ఒక ట్రావెల్ ఆఫీసులో పని చప్పున చేసిచ్చారు గానీ, దిగేముందు వివరాలిచ్చే అరైవల్ కార్డు నింపడానికి మనిషికింతని విడిగా లాగారు. ఆ కార్డు సింగపూర్ ఇమిగ్రేషన్ వాళ్ల సైట్లో ఉచితం, దిగే రోజుకి మూడు రోజుల్లోపు ఫోన్లోనే నింపుకోవచ్చు. వీసాకి పెట్టండి డబ్బు, దీనికి పెట్టొద్దు.

అసలు ఖర్చు చెన్నై దాకా పోవడం. దగదర్తిలో విమానాశ్రయం అని వింటూనే ఉన్నాం. అది వచ్చే దాకా నెల్లూరు వాళ్లకి చెన్నైయే దిక్కు. రేణిగుంట దగ్గరే గానీ అక్కడినుంచి దేశంలోపలి విమానాలే. సామాను తక్కువగా ఉండి విమానం పగటిపూటదైతే రైలే మేలు. సెంట్రల్లో దిగి మెట్రో ఎక్కితే నేరుగా ఎయిర్‌పోర్టు లోపలికే తీసుకుపోతుంది. మాది అర్ధరాత్రి వేళ విమానం, అరవై దాటిన మనుషులు. కారే పెట్టుకున్నాం. బయల్దేరే ముందు డ్రైవర్ని అడగాల్సింది ఒకటే: తమిళనాడు పర్మిట్ బాడుగలో కలిసుందా, విడిగానా? సరిహద్దులో తడ దాకా వచ్చాక ఈ మాట తెమిలితే బేరం మన చేతిలో ఉండదు. వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట టోలుగేట్ల సంగతీ ముందే తేల్చుకోవాలి. రెడ్‌హిల్స్ దాటాక ఊళ్లోకి పోకుండా బైపాస్ మీదుగా మదురవాయల్ వైపు పొమ్మని పట్టుబట్టండి. రెండువైపులా కారు పెట్టుకునుంటే మైళ్ల టికెట్టు మీద ఇద్దరికీ కట్టిన పన్నులకంటే కారు ఖర్చే ఎక్కువయ్యేది. ఆ పన్నుల్లోనూ పెద్ద ముక్క సింగపూర్ ఎయిర్‌పోర్టు చాంగీలో బయల్దేరేటప్పుడు పడేది, మనిషికి అరవై సింగపూర్ డాలర్లు దాటుతుంది.

నేను మాత్రం డబ్బుతో కొన్న టికెట్టు మీద అదే విమానంలో వెళ్లాను. సీటులో, భోజనంలో, మర్యాదలో వాళ్లకీ నాకూ తేడా ఏమీ కనపడలేదు. మైళ్ల టికెట్టంటే చివరి వరసలో పడేస్తారని బావకున్న భయం అక్కడితో తీరింది.

రాత్రి విమానానికి ఉన్న చిక్కు దిగాక తెలుస్తుంది. తెల్లారేసరికి సింగపూర్లో ఉంటాం, మనకంటే రెండున్నర గంటలు ముందు. హోటల్ గది మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరు. నిద్ర లేని పెద్దవాళ్లతో ఆ పూట ఎలా గడపాలన్నది ముందే ఆలోచించుకోవాలి. ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న జ్యువెల్ మాల్‌లో నలభై మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతం చూద్దామంటే పొద్దున్నే నీళ్లు వదలరు. మేం సామాను హోటల్లో పడేసి లిటిల్ ఇండియాలో టిఫినుకి పోయాం. సెరంగూన్ రోడ్డులో 1947 నుంచీ ఉన్న కోమల విలాస్‌లో దోసె, కాఫీ. దోసె మాట అలా ఉంచి, కాఫీ తాగాక అక్క మొహం తేటబడింది.

హోటల్ అదే వీధుల్లో తీసుకున్నాం. గది ఎంతుందంటే మూడు సూట్‌కేసులు తెరిస్తే కాలు పెట్టే చోటు లేదు. బుక్ చేసేటప్పుడు కిటికీ ఉందా లేదా చూడాలి. ఇక్కడ చవకగా దొరికే గదుల్లో కిటికీ లేనివి చాలా. మాకు మొదట అలాంటిదే ఇచ్చారు. అక్క ఊపిరాడట్లేదంటే రోజుకి కొంత ఎక్కువ తీసుకుని మార్చారు. శుభ్రతకి వంక లేదు. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు. ఈ మాట బావని నమ్మించడానికే ఒకపూట పట్టింది. తిరగడానికి మెట్రో చాలు, మన బ్యాంకు కార్డునే గేటు దగ్గర ఆనించి పోవచ్చు. కార్డుకి విదేశీ రుసుం ఎంతో మాత్రం ముందు చూసుకోండి.

శనివారం అక్క ఒక్కపొద్దు. సెరంగూన్ రోడ్డులోనే శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, అక్కడ 1978లోనే జాతీయ కట్టడంగా గుర్తించారు. గోవిందనామాలు చెప్పుకుంటూ అక్క కూర్చుండిపోతే మేమిద్దరం రేస్‌కోర్స్ రోడ్డుకి పోయాం, చేప తలకాయ కూరకి. సింగపూర్లో మనవాళ్లు పుట్టించిన వంటకం ఇది. అరటాకు మీద అన్నం వేసి, ఎర్రటి పులుసులో పెద్ద తలకాయ తెచ్చి పెట్టారు. చుట్టూ బెండకాయలు, వంకాయ ముక్కలు. బావ గరిటెతో పులుసు తిప్పి తిప్పి చూశాడు. "మామిడికాయ ఏదబ్బాయా? చేపల్లో బెండకాయలేస్తారా ఎవురైనా?" బుగ్గ దగ్గరి కండ మాత్రం వదల్లేదు, గుజ్జంతా అన్నంలో కలిపేశాడు. నా తీర్పు చెప్పాలంటే చేప తాజాదే, ఉడుకు సరిగ్గా ఉంది, పులుపు మనకి చాలదు. ముందురోజు చేసి మర్నాడు తినే నెల్లూరు పులుసు రుచికి ఇది అందదు. ధర చూసి బావ బిల్లుని మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఊళ్లో చూపించడానికి.

డబ్బు పెట్టకుండా చూడగలిగేవి సింగపూర్లో బాగానే ఉన్నాయి. గార్డెన్స్ బై ది బేలో సాయంత్రం ఏడుంపావు దాటాక చోటు పట్టుకుంటే 7.45కి ఉక్కు చెట్ల మీద దీపాల ఆట ఉచితం, 8.45కి మళ్లీ ఉంటుంది. బొటానిక్ గార్డెన్స్‌కీ టికెట్టు లేదు. యునెస్కో జాబితాలో 2015లో చేరింది, పొద్దున నడకకి బాగుంటుంది. లిటిల్ ఇండియాలోని పెద్ద దుకాణం ముస్తఫాలో కొనడం కంటే తప్పిపోకుండా చూసుకోవడమే పని. సెంటోసా దీవికి మేం పోలేదు. పెద్దవాళ్లకి ఎండలో నడక ఎక్కువ.

తిరుగు టికెట్టు పొద్దున విమానానికి తీయడం కలిసొచ్చింది. ఉదయానికే చెన్నైలో దిగి, మెట్రోలో సెంట్రల్ చేరి, మధ్యాహ్నం పినాకిని రైలెక్కితే సాయంత్రానికి కావలి. కారు బాడుగ మిగిలింది. సూళ్లూరుపేట దాటాక సమోసాలోడొచ్చాడు, బావ నాలుగు తీసుకున్నాడు.

అక్క ఖాతాలో ఇంకా కొన్ని మైళ్లు మిగిలాయి, ఒకవైపు టికెట్టుకి చాలవు. వచ్చే మెల్‌బోర్న్ ప్రయాణపు మైళ్లు వాటికి తోడైతే ఒక సీటు వస్తుందని లెక్క. ఆ గడువు తేదీ మేనల్లుడి ఫోన్లోనే కాకుండా నా ఫోన్లో కూడా వేసి పెట్టాను, మూడునెలల ముందు మోగేటట్టు. ఈసారి కాశీయే అంటోంది అక్క.