వెయిటెడ్ కీస్ ఉన్న డిజిటల్ పియానో: మూడేళ్లు వాడాక

మా అమ్మాయికి కొన్న డిజిటల్ పియానోలో టోన్లెన్ని, బ్లూటూత్ ఉందా లేదా అన్నవి ఇక్కడ రాయను. అవి షాపువాళ్లే చెబుతారు. మూడేళ్లకు పైగా వాడాక నేను గట్టిగా చెప్పగలిగేది దాని కీల గురించే. మొత్తం 88 కీలూ బరువుగా ఉంటాయి, కాస్త బలంగా నొక్కాలి; వెయిటెడ్ కీస్ అంటే అవే. ఎడమ చివర ఎక్కువ బరువు, కుడివైపుకి వెళ్లేకొద్దీ కాస్త తేలిక. అసలు పియానోలోనూ అంతే.

అంతకుముందు మా తమ్ముడు మేనకోడలికి కొనిచ్చిన 61 కీల కీబోర్డు ఉండేది. పాటలు వాయించుకోవడానికి బాగానే ఉండేది. కానీ దాని కీల కింద ఉన్నవి స్ప్రింగులు, వేలు ఆనిస్తే చాలు కీలు దిగిపోతాయి. క్లాసులో పియానో ముందు కూర్చుంటే పిల్లకి ఉంగరపు వేలు, చిటికెన వేలు పలికేవే కావు. "ఇంట్లో మోగింది కదమ్మా, ఇక్కడెందుకు మోగట్లేదు?" అని దిగులుపడేది. టీచర్‌గారే వెయిటెడ్ కీస్ ఉన్నది చూడమన్నారు.

కొన్నాక కొన్ని నెలలకు ఒకరోజు వంటింట్లోంచి విన్నాను. ఎడమచెయ్యి సి-జి-ఇ-జి స్వరాల మీద మెల్లగా తిరుగుతోంది, దాని మీద కుడిచేతి పాట విడిగా, స్పష్టంగా వినిపిస్తోంది. రెండు చేతుల బలం వేరు చేయడం దానికి వచ్చేసింది! ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల సంగీతం గ్రేడ్ పరీక్షలో అప్‌రైట్ పియానో (తీగలు నిలువుగా ఉండే అసలు పియానో) మీద వాయించి వచ్చి, "కొంచెం గట్టిగా ఉందమ్మా, అంతే" అంది. నా టెన్షనంతా ఆ మాటతో పోయింది.

హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఏ వేళకైనా ప్రాక్టీస్ చేసుకోవచ్చని మొదట్లో అందరికీ చెప్పేదాన్ని. మాది వైజాగ్‌లో అపార్ట్‌మెంట్. హోంవర్క్ అయ్యాక రాత్రి కూర్చునేది. ఓ రోజు కింది ఫ్లాట్ పిన్నిగారు మెట్ల దగ్గర ఆపి, "ఏమ్మా, రాత్రిపూట రోట్లో ఏం దంచుతున్నారు?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. పిల్లని స్కేల్స్ వాయించమని చెప్పి కిందికెళ్లి వాళ్ల బెడ్‌రూమ్‌లో నిలబడ్డాను. రాగం లేదు, స్వరం లేదు, ధబ్ ధబ్ ధబ్ మని చప్పుడు మాత్రం పైకప్పులోంచి దిగుతోంది. పెద్దావిడ, నిద్ర పట్టక ఎంత ఇబ్బంది పడ్డారో!

నాకు అంతగా నచ్చిన ఆ బరువే దీనికి కారణం. కీ నొక్కినప్పుడల్లా లోపల సుత్తి లాంటి బరువు లేచి పడుతుంది. ఆ అదురు స్టాండు కాళ్ల గుండా శ్లాబులోకి పోతుంది. హెడ్‌ఫోన్ ఆపేది స్పీకర్‌నే. కార్పెట్ వేస్తే పెద్దగా తగ్గలేదు. వాషింగ్ మెషీన్ కింద వేసే మందపాటి రబ్బరు ముక్కలు పరిచి, వాటి మీద ప్లైవుడ్ వేసి, దాని మీద స్టాండు పెట్టాం. పియానోని వాళ్ల వంటిల్లు ఉన్న వైపుకి జరిపాం. ఇప్పుడు చాలా నయం, కానీ పూర్తిగా పోలేదు. అందుకే రాత్రి 9 దాటితే మూత వేసేస్తాం.

అయినా మా పరిస్థితికి ఇదే సరిపోయింది. సముద్రపు గాలికి అసలు పియానో తీగలు తుప్పు పడతాయి, ఏడాదికి ఒకట్రెండుసార్లైనా ట్యూనింగ్ కావాలి. ఆ తలనొప్పి మాకు వద్దనుకున్నాం. సొంత ఇల్లు, కింద ఎవరూ లేనివాళ్లకు నేను చెప్పిన చప్పుడు గొడవే ఉండదు. ఐదేళ్ల పిల్లలు, కొనసాగిస్తారో లేదో తెలియకపోతే, వేలి ఒత్తిడిని బట్టి శబ్దం మారే 61 కీలది కొన్ని నెలలు చాలు. మొదటి పాఠాలు మధ్య కీల చుట్టూనే తిరుగుతాయి.

సెకండ్ హ్యాండ్‌ది చూస్తుంటే మాత్రం వాల్యూమ్ సున్నాకి తగ్గించి, కీలన్నీ ఒక్కొక్కటే నొక్కి వినండి. ఏదైనా కీ మిగతావాటికన్నా టక్కుమని గట్టిగా మోగితే లోపలి ఫెల్ట్ (చప్పుడు రాకుండా వేసే మెత్తటి గుడ్డ) అరిగి ఉండొచ్చు.