కువైట్ నుంచి ఒకరు, కోనసీమ నుంచి ఇద్దరు: రెండేళ్ళ ఆన్‌లైన్ కౌన్సెలింగ్

మా ఆయన కువైట్‌లో ఏసీ మెకానిక్. నేను అమలాపురం దగ్గర ఒక ఊళ్ళో, మా అత్తగారితోనూ అబ్బాయితోనూ ఉంటూ, పక్క మండలంలోని ప్రభుత్వ పాఠశాలలో పాఠాలు చెబుతాను. 2023 నవంబరులో, అబ్బాయి ఎనిమిదో తరగతిలో ఉండగా, ఆన్‌లైన్ కౌన్సెలింగ్ మొదలుపెట్టాము. ఇప్పటికి 32 సార్లు కూర్చున్నాము. 31,600 రూపాయలు ఖర్చయింది. అందులో 5,600 రూపాయలు దండగ అని ముందే చెప్పి, మిగతా డబ్బు ఎందుకు దండగ కాలేదో వివరిస్తాను.

తండ్రి ఫోను రాగానే వాడు దాన్ని నానమ్మ చేతిలో పెట్టి గదిలోకి వెళ్ళి గడియ వేసుకునేవాడు. అడిగితే జవాబు లేదు, గట్టిగా అడిగితే అన్నం మానేయడం. ఎవరినైనా కలుద్దామంటే తెలిసినవాళ్ళంతా రాజమండ్రి, కాకినాడ పేర్లే చెప్పారు. వెళ్ళినా అక్కడ కూర్చునేది నేనూ వాడూ మాత్రమే. సమస్యలో సగం భాగమైన మనిషి అరేబియా సముద్రానికి అవతల ఉన్నాడు. ముగ్గురమూ ఒకేసారి ఒకరి ఎదుట కూర్చునే మార్గం ఫోను తెర తప్ప మాకు ఇంకేదీ లేదు. కువైట్‌లో శుక్రవారం సెలవు, ఇక్కడ సాయంత్రం ఆరు గంటలైతే అక్కడ మూడున్నర. ఆ లెక్కతో శుక్రవారం సాయంత్రం మా సమయంగా ఖాయమైంది.

మొదట చేరిన సంస్థ పేరు రాయను. ఎనిమిది సెషన్ల ప్యాకేజీకి డబ్బు ముందే కట్టించుకుని, తొంభై రోజుల గడువు పెట్టారు. మాకు కేటాయించిన ఆవిడ తనను పేరెంటింగ్ కోచ్‌గా పరిచయం చేసుకున్నారు. పదమూడేళ్ళవాణ్ణి రోజుకు నాలుగుసార్లు దగ్గరికి తీసుకోమని ఆవిడ సలహా; రెండో రోజుకే వాడు నన్ను చూసి పెరట్లోకి పారిపోయాడు. మూడో సెషన్‌కు మాటమాత్రం చెప్పకుండా ఆవిడను మార్చేశారు. కొత్తగా వచ్చినాయనకు తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడలేరు. ఆయన హిందీ, ఇంగ్లీషు కలిపి అడుగుతుంటే వాడు ‘ఎస్ సర్’, ‘నో సర్’ అంటూ ముగించాడు. నానమ్మ మీద కోపాన్ని, నాన్న మీద బెంగను పరాయి భాషలో చెప్పడం పెద్దవాళ్ళకే కష్టం.

అంతకన్నా పెద్ద దెబ్బ ఒక గుర్తుచేసే సందేశం వల్ల తగిలింది. రేపటి సెషన్ విషయం ‘కోపం, ఫోన్ వ్యసనం’ అని నా ఫోనుకు వచ్చినదాన్ని వాడు చదివాడు. “నేను వ్యసనపరుణ్ణి అని రాయించావా అమ్మా?” అని అడిగి, తర్వాత నెల రోజులు ఆ తెర ముందుకు రాలేదు. ఆ లోపు గడువు దాటి రెండు సెషన్లు పోయాయి. వాపసు అడిగితే షరతుల్లో ఏడో అంశం చూడమన్నారు.

రెండోసారి కాస్త తెలుసుకుని అడుగేశాను. మందు రాయగలిగేది వైద్యవిద్య చదివిన సైకియాట్రిస్టు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతో చికిత్స చేస్తారు. వారికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, నమోదు ఉండాలి. కౌన్సెలర్, కోచ్ అనే మాటలను మాత్రం ఎవరైనా తగిలించుకోవచ్చన్నంత వదులుగా వాడుతున్నారు. అందుకే ఆర్‌సీఐ నమోదు సంఖ్య అడిగి, దాన్ని ఆ మండలి జాబితాలో సరిచూసుకున్నాకే 2024 మార్చిలో ఇప్పటి మేడమ్ దగ్గర చేరాము. సెషన్‌కు వెయ్యి రూపాయలు, ఏ సెషన్ డబ్బు ఆ రోజే, ప్యాకేజీ లేదు. ముఖ్యంగా, ఆవిడది మచ్చలేని తెలుగు.

మొదటిరోజే ఆవిడ ఒక నియమం పెట్టారు. ప్రాణాపాయం అనిపిస్తే తప్ప, అబ్బాయి తనతో చెప్పింది నాకు చెప్పరు. డబ్బు కట్టేది నేనైతే నాకు చెప్పకపోవడమేమిటని లోపల గుర్రుగా ఉండేది. ఆ నియమం వల్లే వాడు నోరు విప్పాడని గ్రహించడానికి నాకు మూడు నెలలు పట్టింది.

నాకు ఇచ్చిన పని మరొకటి: ఒక సాయంత్రమంతా వాడితో నేను అన్న ప్రతి మాటా ఒక నోటుపుస్తకంలో రాయడం. బడి నుంచి వచ్చినప్పటి నుంచి పడుకునేదాకా 23 వాక్యాలు తేలాయి. వాటిలో 19 ఆజ్ఞలో, ఆరాలో: “కాళ్ళు కడుక్కో”, “లెక్కలు అయ్యాయా?”, “ఆ ఫోను ఇలా ఇవ్వు”. మిగిలిన నాలుగింటిలో రెండు పెరుగు గురించి. పిల్లలతో ఎలా మాట్లాడాలో బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టి చెప్పే మనిషిని నేను. ఆ పేజీ చదువుతుంటే చెమటలు పట్టాయి.

మా ఆయనకు ఇచ్చిన పని ఇంకా కష్టం. నెల రోజులు ఫోనులో మార్కుల ఊసు ఎత్తకూడదు, తన రోజు ఎలా గడిచిందో చెప్పాలి. మొదటి వారం ఆయనకు మాటలే దొరకలేదు. ఒక శుక్రవారం ఏం చెప్పాలో తోచక, గదిలో పప్పు వండుతూ ఫోనును డబ్బాకు ఆనించి పెట్టారు. నా వెనక నుంచి తొంగిచూసిన వాడు, “నాన్నా, తాలింపు మాడిపోతోంది” అన్నాడు. చాలా నెలల తర్వాత తండ్రితో వాడు తనంతట తాను అన్న మొదటి మాట అది. ఆ రోజు ఫోను నానమ్మ చేతికి వెళ్ళలేదు.

ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు. మొదట్లో వాడు కెమెరాను సీలింగు ఫ్యానువైపు తిప్పి పెట్టేవాడు. గోళ్ళు రక్తం వచ్చేలా కొరుక్కుంటున్న సంగతి మేడమ్‌కు తెర మీద కనబడదు, నేను చెప్పాల్సి వచ్చింది. కరెంటు పోతే వైఫై పోతుంది, సరిగ్గా ఏడుపు వచ్చే చోట మాట తెగిపోతుంది. ఇక ఇంట్లో ఏకాంతం సంగతి: మా అత్తగారు అది ట్యూషన్ అనుకుని గుమ్మంలో నిలబడి వినేవారు. ఇయర్‌ఫోన్లు కొన్నాక ఆమెకు వాడి జవాబులే వినబడటంతో అనుమానం ఇంకా పెరిగింది. చివరికి వాడు లోపల ఉన్నప్పుడు నేనూ ఆవిడా డాబా మీదికి వెళ్ళి కొబ్బరి ఈనెలు చీరే ఏర్పాటు చేసుకున్నాము.

అత్యవసరానికి మాత్రం ఇది పనికిరాదని 2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి తెలిసింది. గొడవపడి వెళ్ళినవాడు పదకొండింటికి కాలువ గట్టు నుంచి తిరిగొచ్చి, “నేను లేకపోతే మీకే హాయి” అన్నాడు. మేడమ్‌తో సెషన్‌కు ఇంకా నాలుగు రోజులుంది. అప్పుడు 14416కు ఫోను చేశాను. అది టెలీ మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన, రాత్రింబవళ్ళు పనిచేసే ఉచిత సేవ. తెలుగులోనే మాట్లాడారు. చనిపోవాలనిపిస్తోందా అని వాణ్ణి తిన్నగా అడగమన్నారు, అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదన్నారు. ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలవద్దన్నారు. తర్వాత, “ఇంట్లో పురుగుమందులు ఉన్నాయా?” అని అడిగారు. కొబ్బరిచెట్లకు తెచ్చిన డబ్బా పశువుల పాకలో అందుబాటులోనే ఉంది. అర్ధరాత్రి దాన్ని తీసి పక్కింటివారి బీరువాలో పెట్టించి తాళం వేయించాను. మర్నాడు మేడమ్ తన సమయం సర్దుకుని మాట్లాడి, ఒకసారి సైకియాట్రిస్టుకు స్వయంగా చూపించి రమ్మన్నారు. కాకినాడ వెళ్ళి చూపించాము. మందులు అక్కర్లేదని, మాటల చికిత్స ఆపవద్దని ఆయన చెప్పారు.

వాడిప్పుడు పదో తరగతి. సెషన్లు నెలకు ఒకటికి తగ్గాయి. మార్కులు పెద్దగా మారలేదు. మార్కుల కోసమే ఇందులో చేరాలనుకునేవారికి ఆ వెయ్యి రూపాయలు ట్యూషన్‌కు పెట్టుకోమనే చెబుతాను. పోయిన నెల సెషన్ తేదీ నేను మరిచిపోతే వాడే గుర్తుచేశాడు. ఆ సాయంత్రం ఇయర్‌ఫోన్లు వెతుక్కుంటూ, “నానమ్మను పైకి తీసుకెళ్ళు” అన్నాడు.