వారాంతం రెండు రోజులు: గాలిమరలా, జాలరి పల్లెలా, డెల్ఫ్ట్ నీలమా?

ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చారంటే నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్‌వేన్‌లోని తెలుగు ఇళ్లలో శుక్రవారం రాత్రి ఒకటే చర్చ: రేపు ఎక్కడికి? అందరి నోటా ముందు వచ్చే పేరు జాన్సె స్ఖాన్స్. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైలులో 20 నిమిషాలైనా పట్టదు, నది ఒడ్డున గాలిమరలు వరసగా ఉంటాయి, ఫొటోలు బాగా వస్తాయి. అయితే అక్కడి చెక్క ఇళ్లలో చాలావరకు 1961 నుంచి వేరేచోట్ల నుంచి తెచ్చి నిలబెట్టినవే. జనం బస్సుల్లో దిగే వేళకు మన తిరునాళ్లు గుర్తొస్తాయి. చెక్కబూట్ల కొట్టంలో పచ్చి పోప్లార్ దుంగను యంత్రం నిమిషాల్లో తొలిచేస్తుంది. పనివాడు బూటులోకి గట్టిగా ఊదితే చెక్కలోని నీరు తుంపరలుగా చిమ్ముతుంది. పిల్లలు కేరింతలు కొడతారు, కానీ చేతిపని చూశామన్న తృప్తి నాకు కలగలేదు. అది కావాలంటే రంగులు నూరే ‘డె కాట్’ మరలోకి వెళ్లండి. గాలి ఊపుకు పెద్ద రాతిచక్రాలు సుద్దను, రంగురాళ్లను పిండి చేస్తుంటే కాళ్ల కింద నేల అదురుతుంది.

ఎంక్హౌజెన్‌లోని జౌడర్‌జే మ్యూజియం వేరే సంగతి. రైలులో గంట, ఆపైన పడవ. 1932లో ఆఫ్‌స్లౌట్‌డైక్ అనే అడ్డుకట్ట కట్టడంతో జౌడర్‌జే సముద్రం సరస్సైపోయింది, దాన్ని నమ్ముకున్న జాలర్ల బతుకు మారిపోయింది. ఆ జాలరి ఊళ్ల ఇళ్లూ ఇక్కడికి తరలించినవే, ఆ మాటకొస్తే ఇదీ కట్టిన ఊరే. తేడా ఏమిటంటే ఇక్కడ అమ్మకం కంటే బతుకు ఎక్కువ కనిపిస్తుంది: తాళ్లు పేనడం, పొగలో చేపలు కాల్చడం. ఆ సముద్రపు రేవుల్లో ఒకటి హిండెలోపెన్. అక్కడి ఆడవాళ్ల ‘వెంట్కె’ అనే పొడవాటి కోటుకు మన కోరమాండల్ తీరపు పూల చీటీగుడ్డ వాడేవారు. డచ్చి కంపెనీ 1605లోనే మచిలీపట్నంలో కొట్టు పెట్టిందని గుర్తుంటే, ఆ పూలను చూసి మనవాళ్లు ఊరికే దాటిపోరు.

వాన పడితే మాత్రం నీలిబొమ్మల పళ్లేలకు పేరున్న డెల్ఫ్ట్ ఊరు. ఒకప్పుడు ముప్పైకి పైగా ఉన్న కుండల కార్ఖానాల్లో, 1653లో మొదలైన రాయల్ డెల్ఫ్ట్ ఒక్కటే నిలిచింది. చిల్లులు పొడిచిన కాగితం మీద బొగ్గుపొడి అద్దితే పళ్లెంపై గీతలు పడతాయి, అచ్చం మన చిల్లుల ముగ్గు పళ్లెం పద్ధతే. వాటి మీద కుంచెతో పెట్టేది నల్లరంగు. అందులోని కోబాల్టు ఆవంలో కాలాకే నీలమవుతుంది. చిత్రకారిణి గీసేటప్పుడు ఆ నీలాన్ని చూడనే చూడదు, ఊహించుకుంటుంది. నేను అక్కడే గంటసేపు నిలబడిపోయాను. దుకాణంలో ధరలు చూశాక కదిలాను.

అల్క్‌మార్ చీజ్ సంత శుక్రవారం ఉదయం, అదీ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకానే. శనాదివారాలే సెలవున్నవాళ్లు దాన్ని వదిలేయాల్సిందే.

నన్నడిగితే శనివారం ఎంక్హౌజెన్, ఆదివారం డెల్ఫ్ట్. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే జాన్సె స్ఖాన్సే నయం, పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. నవంబరు నుంచి మార్చి దాకా ఎంక్హౌజెన్ ఆరుబయటి పల్లె మూసి ఉంటుంది కాబట్టి అప్పుడూ అదే దారి. చలికోటు మరవకండి, ఆ నది గాలి చెవులు కోస్తుంది.