బ్యాలేకి డెగా డాన్సర్లా, మోనే కలువలా?

ఇంప్రెషనిస్ట్ పెయింటింగ్ (వెలుతురునీ ఆ క్షణాన్నీ పట్టే 19వ శతాబ్దపు ఫ్రెంచ్ శైలి) తీసుకుని బ్యాలే చేద్దామంటే ఎవరికైనా ముందు ఫ్రెంచ్ పెయింటర్ డెగానే గుర్తొస్తాడు, ఆయన ఎక్కువగా గీసింది డాన్సర్లని కదా. చిక్కేంటంటే ఆ పోజులన్నీ స్టేజీ మీద ఎప్పట్నుంచో ఉన్నవే, వాటినే మళ్ళీ నిలబెడితే బొమ్మల కొలువు అవుతుంది తప్ప బ్యాలే అవ్వదు. కథ పట్టుకుంటే మాత్రం వేరే లెవెల్. 1881లో డెగా ఎగ్జిబిషన్‌లో పెట్టిన పద్నాలుగేళ్ల డాన్సర్ మైనపు బొమ్మ ఉంది చూడండి, దాని మోడల్ మారీ వాన్ గోథెమ్, పేదింటి పిల్ల, తర్వాత బ్యాలే క్లాసులకి రావట్లేదని పారిస్ ఒపెరా వాళ్ళు తీసేశారు, ఆ పాపని తల్చుకుంటే గుండె పట్టేస్తుంది నాకు. 2003లో అదే పారిస్ ఒపెరా బ్యాలే, పాట్రిస్ బార్ట్ కొరియోగ్రఫీతో ఆమె మీద బ్యాలే చేసింది!

ఇంకో ఫ్రెంచ్ ఇంప్రెషనిస్ట్ మోనే గీసిన కలువల్లో మనుషులే లేరు, కథా లేదు. పారిస్ ఆరెంజరీ మ్యూజియంలో రెండు ఓవల్ గదుల గోడల నిండా 8 భారీ పెయింటింగ్స్, నీళ్ళూ వెలుతురూ అంతే. ఇక్కడ గ్రూప్ మూవ్‌మెంటూ లైటింగే అన్నీ మోయాలి, కొరియోగ్రాఫర్‌కి ఫ్రీడమ్ ఎక్కువే కానీ కాస్త పట్టు తప్పినా జనం బోర్ ఫీలవుతారు.

నన్నడిగితే డెగానే, మారీ కోసం.