అరకు లాడ్జిలో ‘ఫ్రీ వైఫై’, మా వాడి పీఎస్4

అరకులో గది బుక్ చేసుకునేవాళ్లు యాప్‌లో ‘ఫ్రీ వైఫై’ అని కనబడితే అంతటితో ఆగకండి, లాడ్జికి ఫోన్ చేసి ఎన్ని పరికరాలకి ఫ్రీ అని గట్టిగా అడగండి. మేం ఫోన్ చేశాం కూడా. మా అబ్బాయి గేమ్ పెట్టె, అదే పీఎస్4, తగిలించడానికి గదిలో టీవీకి హెచ్‌డీఎంఐ పోర్టు ఉందా, వైఫైలో గేమ్ ఆడుకోవచ్చా అని మా ఆవిడే అడిగింది. అన్నీ పనిచేస్తాయి మేడమ్ అన్నారు. ఆ మాట నమ్మి రాత్రికి 3,200, అదనపు మంచానికి 700 ముందే కట్టేశాం.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ నుంచి విశాఖకి, తర్వాత పొద్దున్నే కిరండూల్ రైల్లో అరకుకి ప్రయాణం హాయిగా జరిగిపోయింది, ఆగస్టు వానలకి కొండల మీద ఎక్కడ చూసినా నీళ్లే. గొడవంతా లాడ్జిలోనే మొదలైంది.

కొండలు చూడటానికి వెళ్తూ గేమ్ పెట్టె ఎందుకు అని మీరు అనుకోవచ్చు, మా బావమరిది కూడా రైల్లో అదే అన్నాడు. మా అన్నయ్య కొడుకు డాలస్‌లో ఉంటాడు, ఆ వారమే ఇల్లు వదిలి కాలేజీ హాస్టల్‌కి వెళ్లిపోతున్నాడు. వాడూ మా వాడూ చిన్నప్పటి నుంచి వారం వారం ఫుట్‌బాల్ ఆట ఆన్‌లైన్‌లో ఆడుకుంటారు. మనకి ఆదివారం పొద్దున ఏడంటే వాళ్లకి శనివారం రాత్రి ఎనిమిదిన్నర, ఇద్దరికీ కుదిరేది ఆ ఒక్క టైమే. అన్నయ్యతో ఆఖరి ఆట పోతుందంటే నేను అరకు రాను అన్నాడు మా వాడు. పద్నాలుగేళ్ల పిల్లాడు అంత గట్టిగా పట్టుబట్టాడంటే వాడికది ఎంత ముఖ్యమో మాకు తెలుసు, అందుకే పీఎస్4ని బట్టల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టాం.

లాడ్జిలో దిగాక సంగతి బయటపడింది. ఓటీపీ వచ్చిన ఒక్కో ఫోన్ నంబరుకి ఒక్క పరికరమే ఉచితం, ఆపైన ప్రతి దానికీ రోజుకి 150. సరే అని పీఎస్4 కోసం 150 కట్టి కోడ్ తీసుకున్నాను. కోడ్ కొట్టాలంటే ముందు వాళ్ల లాగిన్ పేజీ తెరుచుకోవాలి కదా, పీఎస్4 బ్రౌజర్‌లో ఆ పేజీ తెల్లగా వచ్చి అలాగే ఉండిపోయింది. కింద కౌంటర్‌లో కుర్రాడిని అడిగితే “గేమ్ బాక్సులకి రాదు సార్” అన్నాడు. మరి డబ్బులెందుకు తీసుకున్నావు తమ్ముడూ అంటే “సిస్టమ్‌లో ఎక్కాక వాపసు ఉండదు సార్” అని మళ్లీ ఫోన్‌లో తల పెట్టాడు. రాదని తెలిసి కోడ్ అమ్మడం మోసం, ఇందులో వేరే మాట లేదు. మేనేజర్ ఎప్పుడొస్తారంటే సోమవారం అట, మేం ఆదివారం మధ్యాహ్నమే ఖాళీ చేస్తున్నాం. ఫోన్ హాట్‌స్పాట్ పెడదామంటే గదిలో సిగ్నల్ ఒక గీత, వరండాలోకి వెళ్తే రెండు. మా వాడు భోజనానికి కూడా రానన్నాడు, మా ఆవిడ టెన్షన్ నా మీద చూపించింది.

నా లాప్‌టాప్ మాత్రం నా నంబరు ఓటీపీతో ఆ వైఫైకి చక్కగా కలిసింది. లాప్‌టాప్‌కి వచ్చే నెట్‌ని పీఎస్4కి పంచితే పెట్టె ఏ లాగిన్ పేజీ తెరవక్కర్లేదు, లాడ్జి వైఫైకి కనబడేది లాప్‌టాప్ ఒక్కటే. పీఎస్4కి 150 ఎలాగూ కట్టే ఉన్నాం కాబట్టి ఆ పని చేయడానికి నాకేమీ మొహమాటం అనిపించలేదు. విండోస్ 11 సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ కింద మొబైల్ హాట్‌స్పాట్ అని ఉంటుంది, అది ఆన్ చేశాను. పీఎస్4లో ఆ పేరే కనబడలేదు. మాది 2014లో కొన్న మొదటి మోడల్, అది వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మాత్రమే పట్టుకుంటుంది, లాప్‌టాప్ 5 గిగాహెర్ట్జ్‌లో పంపుతోంది. స్లిమ్, ప్రో మోడళ్లు ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు. హాట్‌స్పాట్ ప్రాపర్టీస్‌లో బ్యాండ్ 2.4కి మార్చగానే పేరు వచ్చింది, నెట్ కూడా వచ్చింది. కానీ లాప్‌టాప్‌లో ఉన్న ఒకే వైఫై కార్డు అటు తీసుకోవాలి, ఇటు పంచాలి, దాంతో లాప్‌టాప్‌లో 8 ఎంబీపీఎస్ చూపించేది పీఎస్4 దగ్గరికి వచ్చేసరికి 3 అయింది, మధ్యమధ్యలో తెగిపోతోంది కూడా. అలా అయితే ఆట మధ్యలోనే ఆగిపోతుంది.

వైర్ అయితే ఆ గొడవ ఉండదని బావమరిదీ నేనూ ఒకే గొడుగులో బజారుకి నడిచాం. ఒక మొబైల్ షాపులో మూడు మీటర్ల లాన్ కేబుల్ 180 రూపాయలకి దొరికింది. దాని రెండు కొసలూ బాగున్నాయో లేదో ఆ షాపాయన తన రౌటర్‌కి పెట్టి చూపించి మరీ ఇచ్చాడు, అరకులో మాకు దక్కిన మంచి సర్వీస్ అదొక్కటే. దారిలో బొంగులో చికెన్ 350కి కట్టించుకుని వచ్చాం, మా వాడు అప్పుడు తిన్నాడు.

కేబుల్‌తో పంచడం ఇంకా తేలిక. విండోస్ బటన్‌తో పాటు ఆర్ నొక్కి ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని కొడితే కనెక్షన్లన్నీ వస్తాయి. వైఫై మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్‌కి వెళ్లి, ఇతరులు వాడుకోవచ్చు అన్న మొదటి గడిలో టిక్ పెట్టి, కింద ఈథర్‌నెట్ ఎంచుకోవాలి. పీఎస్4లో లాన్ కేబుల్ ఎంచుకుని ఈజీ అంటే చాలు, 192.168.137తో మొదలయ్యే అడ్రస్ దానంతటదే వస్తుంది. ఈసారి పీఎస్4లో 7 ఎంబీపీఎస్ వచ్చింది. లాప్‌టాప్ నిద్రలోకి పోతే ఇటు నెట్ కూడా పోతుంది కాబట్టి చార్జర్ పెట్టి, పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ తీసేయండి. లాన్ పోర్టు లేని సన్నటి లాప్‌టాప్ అయితే యూఎస్‌బీ అడాప్టర్ ఇంటి నుంచే తెచ్చుకోండి. ఆట అప్‌డేట్లు కూడా ఇంట్లోనే దించుకోండి, లాడ్జి నెట్‌లో కొన్ని జీబీలు దిగాలంటే తెల్లారిపోతుంది.

పొద్దున ఏడింటికి ఆట మొదలైంది. పీఎస్4 నెట్ టెస్ట్‌లో నాట్ టైప్ 3 అని వచ్చింది, అంటే అవతలి ఆటగాడి పెట్టెతో నేరుగా కలవడం కష్టమని, లాడ్జి రౌటర్ తర్వాత లాప్‌టాప్ ఇంకో రౌటర్‌లా పనిచేస్తోంది కాబట్టి. దానివల్ల ఆడుతూ మాట్లాడుకునే పార్టీ చాట్‌లో మాటలు రాలేదు. నా ఫోన్ తీసుకెళ్లి వరండా కిటికీలో పెట్టి వాట్సాప్ కాల్ స్పీకర్‌లో వేశాం, గదిలోంచి వీడు అరిస్తే డాలస్ నుంచి వాడు అరిచాడు. మధ్యలో మా అన్నయ్యా వదినా కూడా వచ్చి పలకరించారు. మా వాడు 3-2తో ఓడిపోయి కూడా ఎంత సంతోషంగా ఉన్నాడో, చాపరాయి జలపాతానికి వెళ్దాం పద నాన్నా అని వాడే తొందర పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో విశాఖ బీచ్ రోడ్డు దగ్గర దిగిన హోటల్ అద్దె 3,600. అక్కడ రిసెప్షన్‌లో అమ్మాయి పీఎస్4 సంగతి వినగానే మ్యాక్ అడ్రస్ ఇవ్వండి సార్ అంది. అది ఒక్కో పరికరానికి ఒక్కోటి ఉండే గుర్తింపు నంబరు, పీఎస్4 సెట్టింగ్స్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో ఉన్న ఆ నంబరు చదివి చెప్తే వాళ్ల సిస్టమ్‌లో ఎక్కించింది, లాగిన్ పేజీ లేకుండా నెట్ వచ్చేసింది, పైసా అడగలేదు. అంటే ఇది చేయలేని పనేం కాదు, అరకు లాడ్జివాళ్లకి చేయాలని లేదు, అంతే. నాలుగు వందల తేడాకి ఇంత మర్యాద దొరుకుతుంటే ఈసారి విశాఖలోనే గది తీసుకుని అరకుకి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేస్తాం. అరకులోనే పడుకోవాలనుకునేవాళ్లు మాత్రం ఫోన్‌లో చెప్పిన మాటలు వాట్సాప్‌లో రాయించుకుని, అవి చూశాకే డబ్బు పంపండి.