నాలుగేళ్ల వాడకం తర్వాత ఫ్లైస్కై ఎఫ్‌ఎస్‌-ఐ6: తొలి విమానానికి ట్రాన్స్‌మిటర్ అమరిక

ఫ్లైస్కై వారి ఎఫ్‌ఎస్‌-ఐ6 అనే, రేడియోతో నడిచే చిన్న మోడల్ విమానాలను నేల మీది నుంచి అదుపు చేసే ఆరు ఛానళ్ల (ఒక్కో కదలికకు ఒక్కో ఛానల్) ట్రాన్స్‌మిటర్‌ను నేను కొని నాలుగేళ్లు దాటింది. వేసవిలో ఎండిన మా ఊరి చెరువులోనూ, కోతలయ్యాక కొయ్యకాళ్లు మాత్రమే మిగిలిన వరి మడుల్లోనూ దాదాపు ప్రతి ఆదివారం పొద్దున్నే దీనితోనే విమానం ఎగరేస్తున్నాను. ఇన్నాళ్లలో గాలిలో ఉండగా సిగ్నల్ తెగి విమానం పడిపోయిన సందర్భం ఒక్కటి కూడా లేదు. పడినవన్నీ అమరికలో నేను చేసిన తప్పుల వల్లనే పడ్డాయి. అందువల్ల ఈ సమీక్షలో పరికరం గుణగణాల కంటే దానిని తొలి విమానానికి ఎలా సిద్ధం చేసుకోవాలన్న విషయమే ఎక్కువగా ఉంటుంది.

నా మొదటి విమానం థర్మాకోల్ షీటుతో చేసిన, రెక్క పైన ఉండే శిక్షణ రకం. దానికి 2212 రకం మోటారు, మోటారు వేగాన్ని అదుపు చేసే 30 ఆంపియర్ల ఈఎస్‌సీ, రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లైన 9 గ్రాముల సర్వోలు నాలుగు, 11.1 వోల్టుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పెట్టాను. రేడియో పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. నేను తీసుకున్న సెట్టుతో ఐఏ6బి అనే రెండు యాంటెన్నాల రిసీవర్ (విమానంలో ఉండి సిగ్నల్ అందుకునేది) వచ్చింది. ఇలాంటి విమానానికి నాలుగు ఛానళ్లు చాలు కాబట్టి ఆరు ఉండడం కొత్తవారికి ఎక్కువే తప్ప తక్కువ కాదు.

మొదటి చిక్కు పెట్టె తెరవగానే ఎదురైంది. నేను మోడ్ 2 అడిగితే దుకాణం వారు మోడ్ 1 పంపారు. ఏ స్టిక్ ఏ పని చేయాలన్నదే మోడ్. మోడ్ 2లో థ్రాటిల్ (మోటారు వేగం), రడ్డర్ (తోకలో నిలువుగా ఉండే పలక) ఎడమ చేతికి, ఎలివేటర్ (తోకలో అడ్డంగా ఉండే పలక), ఐలరాన్ (రెక్క వెనుక అంచున కదిలే పలక) కుడి చేతికి వస్తాయి. మెనూలో స్టిక్ మోడ్ మార్చుకునే వీలున్నా, థ్రాటిల్ స్టిక్ మధ్యకు రాకుండా ఎక్కడ వదిలితే అక్కడే నిలబడేలా చేసే ఏర్పాటు మాత్రం లోపల స్ప్రింగు, రేకులతో ఉంటుంది. దానిని ఎడమ వైపుకు మార్చడానికి వెనుక మూత విప్పవలసి వచ్చింది; చిటికెన వేలి గోరంత స్ప్రింగు ఎగిరి మంచం కింద పడితే, టార్చి వేసి వెతకడానికే అరగంట పట్టింది. మీ దగ్గరలో ఎగరేసేవారు ఏ మోడ్ వాడుతున్నారో ముందే కనుక్కొని అదే కొనుక్కోవడం మంచిది, ఎందుకంటే మొదటి రోజుల్లో విమానం అదుపు తప్పితే అవతలివారు మీ చేతిలోని ట్రాన్స్‌మిటర్ అందుకొని దించగలగాలి.

బైండింగు, అంటే ట్రాన్స్‌మిటర్‌నూ రిసీవర్‌నూ జతచేయడం, సులువే. రిసీవర్‌కు బైండ్ ప్లగ్గు పెట్టి కరెంటు ఇవ్వాలి, ట్రాన్స్‌మిటర్ మీద బైండ్ బటన్ నొక్కి పట్టుకొని స్విచ్చి వేయాలి. కొన్ని క్షణాల్లో రెండూ కలుస్తాయి. ఆ తర్వాత ప్లగ్గు తీసేయాలి. ఐలరాన్ ఒకటో ఛానల్‌కు, ఎలివేటర్ రెండుకు, ఈఎస్‌సీ మూడుకు, రడ్డర్ నాలుగుకు కలిపితే చాలు. మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు తెర మీద హెచ్చరిక వచ్చి ముందుకు కదలకపోతే కంగారు పడనక్కరలేదు: పైనున్న నాలుగు స్విచ్చులూ పైకి, థ్రాటిల్ పూర్తిగా కిందికి ఉండాలని అది అడుగుతోంది. మోటారు అనుకోకుండా తిరగకుండా పెట్టిన ఈ జాగ్రత్త నాకు నచ్చింది. ఇంట్లో ఏ అమరిక చేస్తున్నా ప్రొపెల్లర్ ఊడదీసి పక్కన పెట్టాలన్నది మాత్రం ఏ తెరా చెప్పదు. అది మనమే గుర్తుంచుకోవాలి.

ఈ ట్రాన్స్‌మిటర్‌లో ఓకే బటన్‌ను నొక్కి పట్టుకుంటే మెనూ తెరుచుకుంటుంది. మార్చిన విలువ నిలవాలంటే క్యాన్సిల్ బటన్‌ను కూడా నొక్కి పట్టుకోవాలి. ఒక్కసారి తట్టి వదిలితే చేసిన మార్పు పోయి పాత విలువే ఉంటుంది. ఈ సంగతి మాన్యువల్‌లో ఉన్నా నేను చదవలేదు. రాత్రి కూర్చొని రివర్స్ మెనూలో ఐలరాన్ దిశ సరిచేశాను, సర్వో తిరగడం కళ్లారా చూశాను, క్యాన్సిల్ తట్టి పడుకున్నాను. మర్నాడు మడిలో చేత్తో విసరగానే విమానం ఎడమకు ఒరిగింది. నేను స్టిక్‌ను కుడికి నెట్టాను, అది ఇంకా ఎడమకు ఒరిగింది. ఇంకా నెట్టాను. రెండు సెకన్లలో గట్టు మీది తుమ్మచెట్టులో ఇరుక్కుంది. ముళ్లలోంచి దించేసరికి రెక్క మూడు ముక్కలైంది.

అప్పటినుంచి ప్రతిసారీ, ఎగరేసే చోటికి వెళ్లాక, విమానం తోక వైపు నిలబడి చూస్తాను. స్టిక్‌ను కుడికి నెడితే కుడి ఐలరాన్ పైకి లేవాలి. స్టిక్‌ను నా వైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. రడ్డర్ స్టిక్ ఎటు పోతే రడ్డర్ వెనుక అంచు అటే తిరగాలి. విమానం ముక్కు వైపు నిలబడి చూస్తే కుడి ఎడమలు తారుమారై మనసు మోసపోతుంది కాబట్టి వెనుక నుంచి చూడడమే క్షేమం.

సబ్‌ట్రిమ్‌ను కొత్తవారు అతిగా వాడతారు, నేనూ వాడాను. సర్వో మధ్య స్థానాన్ని మెనూలోంచి జరిపే అమరిక అది. ముందుగా ట్రిమ్‌లన్నీ (స్టిక్‌ల పక్కనున్న చిన్న సవరణ బటన్లు) మధ్యకు తెచ్చి, సర్వో చెయ్యి పలకను కదిపే సన్నటి కడ్డీ అయిన పుష్‌రాడ్‌కు లంబంగా నిలిచేలా బిగించి, పుష్‌రాడ్ పొడవు సవరించి ఐలరాన్‌నూ ఎలివేటర్‌నూ సమంగా తెచ్చుకున్నాక, మిగిలిన పిసరంత తేడాకే సబ్‌ట్రిమ్ వాడాలి. లేకపోతే సర్వో ఒక వైపు ఎక్కువ, మరో వైపు తక్కువ తిరుగుతుంది. ఇక డ్యుయల్ రేటు, ఎక్స్‌పోనెన్షియల్ అన్నవి తొలి విమానానికి నిజంగా మేలు చేసే అమరికలు. మొదటిది పలకల కదలికను స్విచ్చితో తగ్గిస్తుంది, రెండోది (ఎక్స్‌పో) స్టిక్ మధ్యలో స్పందనను మారుస్తుంది. నేను ఒక స్విచ్చికి పూర్తి కదలికను, దానికే రెండో వైపు 65 శాతాన్ని ఇచ్చి, మధ్యలో స్టిక్ మెత్తగా ఉండేలా 30 శాతం ఎక్స్‌పో పెట్టుకున్నాను. అయితే మెత్తదనానికి ప్లస్ పెట్టాలా మైనస్ పెట్టాలా అన్నది ఒక్కో సంస్థకు ఒక్కో విధంగా ఉంటుంది. అంకెను నమ్మకుండా తెర మీది గీతను చూడాలి: మధ్యలో అది పడుకున్నట్టు ఉంటే మెత్తన, నిటారుగా ఉంటే దానికి వ్యతిరేకం.

ఫెయిల్‌సేఫ్‌ను మనమే పెట్టుకోవాలి. సిగ్నల్ పోయినప్పుడు థ్రాటిల్ పూర్తిగా తగ్గిపోయేలా మూడో ఛానల్‌కు అమర్చి, ప్రొపెల్లర్ తీసి ఉంచి, మోటారు సగం వేగంలో తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపి చూశాను. మోటారు ఆగింది, ఆగాకే ప్రొపెల్లర్ బిగించాను. రిసీవర్ యాంటెన్నాలు రెండింటినీ ఒకదానికొకటి లంబంగా, మోటారు తీగలకు దూరంగా టేపుతో అతికించాను. ట్రాన్స్‌మిటర్ యాంటెన్నా కొనను విమానం వైపు గురిపెట్టకూడదు. కొన దిశలో సిగ్నల్ బలహీనంగా ఉంటుంది కనుక దానిని పక్కకు వంచి ఉంచుతాను.

నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడవడం నాకు సౌకర్యంగా ఉంది, కిరాణా కొట్టులో కూడా దొరుకుతాయి. నేను రీఛార్జి సెల్స్ వాడుతున్నాను, 4.2 వోల్టులకు పడిపోగానే కూత మొదలవుతుంది, అది వినిపించగానే దించేయాలి. ఇన్నేళ్లకు స్టిక్‌ల మెరుగు అరిగింది, ఎస్‌డబ్ల్యూబీ స్విచ్చి మీది అక్షరాలు చెరిగిపోయాయి, పనితీరులో మాత్రం తేడా రాలేదు. ఇరవై మోడళ్లు దాచుకునే చోటు ఉన్నా నేను వాడుకున్నది ఐదే. ఒక్కోదానికి పేరు పెట్టి, విసిరే ముందు తెర మీద ఆ పేరు పైకే చదువుతాను.

ఈ వేసవిలో మా అన్నయ్య కొడుకుకు నేర్పడానికి ఇలాంటిదే రెండోది కొని, వెనుక పోర్టుల నుంచి ట్రైనర్ కేబుల్‌తో రెండింటినీ కలిపాను. నా స్విచ్చి ఒక వైపు ఉన్నంతసేపు విమానం వాడిది, తిప్పితే నాది. మొదటి ఆదివారం పదకొండుసార్లు తిప్పాను. గత వారం మూడుసార్లే.