స్థలాలు కొలిచేవాడి లాప్‌టాప్‌లో జీసీసీ: ఆరు నెలల వాడకం తర్వాత

తెనాలి చుట్టుపక్కల ఇళ్ళ స్థలాలు కొలిచి స్కెచ్ గీసి ఇవ్వడం నా పని. పద్దెనిమిదేళ్ళుగా క్యాలిక్యులేటర్ మీదే లెక్క. నాలుగు భుజాలు, ఒక క్రాస్ కొలత (మూల నుంచి ఎదురు మూలకి) తీసుకుంటే స్థలం రెండు త్రిభుజాలవుతుంది. రెండింటికీ హెరాన్ సూత్రం (మూడు భుజాల మొత్తంలో సగం తీసుకుని వైశాల్యం కట్టేది) వేసి కలపాలి. మధ్యలో ఒక్క అంకె తప్పు నొక్కామా, మళ్ళీ మొదటికి రావాల్సిందే. బీటెక్ మొదటి సంవత్సరం చదివే మా అమ్మాయి సంక్రాంతికి ఇంటికొచ్చి ఇది చూసింది. "నాన్నా, సీ భాషలో ముప్పై లైన్ల ప్రోగ్రామ్ రాసుకుంటే అయిపోయే పనికి రోజూ ఇంత అవస్థ పడుతున్నావా?" అని పాత లాప్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, జీసీసీ ఎక్కించి వెళ్ళింది. అప్పటినుంచి నేనే రాసుకుంటూ, దిద్దుకుంటూ వాడుతున్నాను. నాలాంటి పని చేసేవాళ్ళకి ఉపయోగపడుతుందని వివరంగా చెబుతున్నాను.

జీసీసీ అంటే మనం సీలో రాసినదాన్ని మెషీన్ నడపగలిగే రూపంలోకి మార్చే కంపైలర్. రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు కోసం 1987లో మొదట విడుదల చేశారు. ఇప్పటికీ ఉచితమే. నా లాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీ, అయినా ప్రోగ్రామ్ కంపైల్ కావడానికి ఒక్క క్షణం పట్టదు.

మొదటి రోజు మాత్రం టెన్షన్ పడ్డాను. డిప్లొమాలో మాకు నీలి తెర మీద టర్బో సీలో నేర్పారు. ఆ అలవాటుతో పైన కోనియో (టర్బో సీతో వచ్చే ఫైలు) చేర్చి, చివర గెట్‌సీహెచ్ (మీట నొక్కేదాకా ఆగే ఫంక్షన్) పెట్టాను. అసలు కోనియో అనే ఫైలే లేదని ఆగిపోయింది. అది తీసేశాక ఇంకొకటి: 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అంటూ వర్గమూలం ఫంక్షన్ పేరు చూపించింది. గణిత ఫంక్షన్ల వివరాలుండే మ్యాథ్.హెచ్ ఫైలు చేర్చాను కదా, ఇంకేం కావాలి అని గంట సేపు చూశాను. లినక్స్‌లో గణితం లైబ్రరీ విడిగా ఉంటుందట. కంపైల్ చేసే ఆదేశంలో ఫైలు పేరు తర్వాత మైనస్ గుర్తు పెట్టి ఎల్, ఎమ్ అని రాస్తే కలుస్తుంది. కొత్తవాళ్ళు ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, ముందే తెలుసుకుంటే మంచిది.

నాకు బాగా నచ్చింది దాని హెచ్చరికలు. -Wall అనే ఆప్షన్ పెట్టి కంపైల్ చేయాలి, అది లేకుండా ఎప్పుడూ చేయకండి. కొలతలు డబుల్‌గా (ఎక్కువ కచ్చితత్వమున్న దశాంశ సంఖ్యల రకం) పెట్టుకుని, కొలతలు చదివే స్కాన్ఎఫ్ ఫంక్షన్‌లో ఫ్లోట్‌కి (తక్కువ కచ్చితత్వమున్న దశాంశ రకం) వాడే గుర్తు రాశాను. ఏ లైన్లో, ఎన్నో అక్షరం దగ్గర పొరపాటుందో బాణం గీసి చూపించింది. ఇంకోసారి స్కాన్ఎఫ్‌లో అడ్రస్ గుర్తు (&) మరిచిపోతే అదీ పట్టుకుంది. ఇంగ్లీషులో అన్ని లైన్లు వచ్చేసరికి ఫోన్ చేస్తే, "భయపడకు నాన్నా, మొదటి లైను చదువు, అది దిద్దితే కిందివి చాలావరకు పోతాయి" అంది మా అమ్మాయి. ఆ మాట నిజమే.

ఇప్పుడు అసలు విషయం. హెచ్చరిక ఏదీ రాకపోతే ప్రోగ్రామ్ సరిగ్గా ఉన్నట్టే అనుకున్నాను. పాత ఫైళ్ళలోంచి ఒక స్కెచ్ తీసి, అందులో ఒక త్రిభుజం కొలతలు ఇచ్చాను: 41, 50, 60 అడుగులు. ప్రోగ్రామ్ 977.88 చదరపు అడుగులు అంది. నా చేతి లెక్క 1014.66. క్యాలిక్యులేటర్‌తో రెండుసార్లు చేశాను, నాదే సరైనది. తేడా 36 చదరపు అడుగుల పైచిలుకు, అంటే 4 గజాలు. మా దగ్గర 4 గజాల కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళు నేనే చూశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కారణం ఇది. పూర్తి అడుగులే కదా అని భుజాలను ఇంట్‌గా, అంటే పూర్ణాంకాల రకంగా, పెట్టాను. మొత్తం 151, అందులో సగం 75.5 రావాలి. కానీ సీలో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశం వదిలేస్తుంది, 75 మిగులుతుంది. ఆ అర అడుగు సూత్రంలో నాలుగు చోట్లా తగ్గి, చివరికి 4 గజాలు మింగింది. ఇది సీ భాష నియమం కాబట్టి జీసీసీ ఒక్క మాట కూడా అనలేదు. భుజాలన్నీ డబుల్ చేసి, 2 బదులు 2.0 రాశాక 1014.66 వచ్చింది.

ఒకసారి తెలిశాక ఇదే గొయ్యి అంతటా కనిపించింది. త్రిభుజానికి 1/2 అని మొదలుపెట్టి భూమి, ఎత్తు గుణిస్తే జవాబు సున్నా. స్థలంలో 20 అడుగుల వ్యాసం ఉన్న బావి ఉంటే తీసేయాలి కదా, బడిలో నేర్చుకున్న 22/7 అలాగే రాస్తే సీకి అది 3. బావి 314.16 బదులు 300 చదరపు అడుగులు అవుతుంది. వ్యాసార్ధం వర్గానికి టోపీ గుర్తు (^) కూడా వాడకూడదు. సీలో దాని అర్థం వేరు, 5 టోపీ 2 అంటే 25 రాదు, 7 వస్తుంది. వ్యాసార్ధాన్ని వ్యాసార్ధంతోనే గుణించాలి.

అంగుళాల సంగతి నా దగ్గర టేప్ పట్టే కుర్రాడి వల్ల తెలిసింది. 41 అడుగుల 6 అంగుళాలను 41.6 అని కొట్టాడు. అది 41.5 కదా! అందుకని ఇప్పుడు అడుగులు ఒకటి, అంగుళాలు ఒకటి విడివిడిగా అడిగేలా మార్చాను. అంగుళాలను 12.0తో భాగిస్తుంది. ఆ సున్నా వదిలేస్తే, అంగుళాలు ఇంట్‌గా ఉన్నప్పుడు 6/12 కూడా సున్నాయే అవుతుంది.

ఒకసారి 50 బదులు 105 కొడితే జవాబు స్థానంలో అంకెలకు బదులు 'నాన్' అని వచ్చింది. అంటే సంఖ్య కాదని. రెండు భుజాల మొత్తం మూడోదానికంటే ఎక్కువ కాకపోతే అసలు త్రిభుజమే ఏర్పడదు. ఆ పరీక్ష ముందే పెట్టి, "కొలత మళ్ళీ చూడండి" అని చూపించేలా రాశాను. అప్పటినుంచి టేప్ చదవడంలో పెద్ద తప్పులు చాలావరకు స్థలం దగ్గరే దొరుకుతున్నాయి. లాప్‌టాప్ బండి మీద పెట్టుకుని వెళుతున్నాను.

స్ప్రెడ్‌షీట్‌లో చేసుకోవచ్చు కదా అని అడుగుతారు. చేసుకోవచ్చు. కానీ అందులో పొరపాటున సూత్రం మీద అంకె కొట్టేస్తే అది పోతుంది, నాకు తెలియను కూడా తెలియదు. ఇక్కడ సూత్రం లోపల ఉంటుంది, కుర్రాడు కొలతలు మాత్రమే ఇస్తాడు.

జీసీసీకి నేను నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది సందేశాలు తెలుగులో లేనందుకే. పదో తరగతి లెక్కలు వచ్చి, ఇంగ్లీషు కాస్త కూడబలుక్కుని చదవగలిగితే వారం రోజుల్లో ఈ ప్రోగ్రామ్ రాసుకోవచ్చు. దిద్దిన ప్రతిసారీ నేను మొదట ఇచ్చేది 30, 40 అడుగుల స్థలం, క్రాస్ 50. 1200 చదరపు అడుగులు, 133.33 గజాలు, 2.75 సెంట్లు వస్తేనే ఫైలు దాచుకుంటాను. ఐదు మూలల స్థలాలు ఇంకా చేత్తోనే చేస్తున్నాను. ఎన్ని మూలలున్నా పనిచేసేలా అర్రే (ఒకే పేరు కింద వరుసగా చాలా విలువలు దాచేది) వాడి రాయాలి. దసరాకి అమ్మాయి వచ్చేలోగా అది పూర్తి చేసి తనకి చూపించాలని ఉంది.